నలభై శాతం గడప

2023 డిసెంబరులో, లోక్‌సభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, ఢిల్లీ అశోకా రోడ్డులోని నిర్వాచన్ సదన్ నుంచి రాజకీయ పార్టీలకు ఒక సూచనాపత్రం వెళ్లింది. సభల్లో, రాతల్లో, ప్రచారంలో వైకల్యాన్ని తిట్టుగా వాడవద్దని ఎన్నికల సంఘం అందులో కోరింది. వాడకూడని మాటలకు ఉదాహరణలు కూడా ఇచ్చింది. గుడ్డి, చెవిటి, కుంటి అనే అర్థాలిచ్చే హిందీ పదాలతో పాటు ‘గూంగా’ కూడా ఆ జాబితాలో ఉంది. మూగ అని దాని అర్థం. మన రాజకీయాలకు వాటన్నిటిలో బాగా అలవాటైన ఎత్తిపొడుపు అదే. ఒక ప్రధానిని ఏళ్ల తరబడి ‘మౌన్‌మోహన్’ అని వెక్కిరించారు. ఆయన తరువాత వచ్చిన ప్రధాని ఏదైనా ఘటనపై పెదవి విప్పకపోతే అదే వెక్కిరింత పార్టీ మార్చుకుని తిరిగి వస్తుంది.

అశోకా రోడ్డు మాట మీద బతికే రోడ్డు. ఇండియా గేటు వైపు ఒకటో నంబరులో ఆంధ్రప్రదేశ్ భవన్, దాని పక్కనే ఏడో నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్. 2018 దాకా పదకొండో నంబరు బంగ్లాలో భారతీయ జనతా పార్టీ కేంద్ర కార్యాలయం. దారిలో చీలిపోయే జంతర్ మంతర్ రోడ్డు, అక్కడి ధర్నాలు, మైకులు. విలేకరుల గోష్ఠి, సంధి చర్చ, నినాదం, ఎన్నికల ప్రకటన – ఇవన్నీ నోరున్నవారి వ్యవహారాలు. ఆ రోడ్డుకు కూతవేటు దూరంలోనే పార్లమెంటు ఉంది. చెవి బాగానే వినబడి, బుద్ధి చురుగ్గా ఉండి, మాట మాత్రం సరిగా పలకని విద్యార్థికి కాలేజీ ప్రవేశంలో హక్కు ఉందని ఆ సభ గుర్తించడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. గుర్తించిన తరువాత కూడా ఒక అంకె ఆ విద్యార్థిని గడప దగ్గరే ఆపేసింది. ఆ అంకె 40.

లెక్కపెట్టడం మాత్రం ఏనాడో మొదలైంది. 1872 నాటి తొలి జనగణన నుంచి 1931 దాకా బ్రిటిష్ అధికారులు మతిస్థిమితం లేనివారు, అంధులు, కుష్ఠురోగులతో పాటు ‘చెవిటి–మూగ’ వారిని విడిగా గణించారు. ఆ రెండు మాటల మధ్య ఉన్న చిన్న గీత తరువాతి శతాబ్ద కాలం పాటు పెద్ద పని చేసింది. పుట్టుకతో వినబడని బిడ్డకు మాట రాకపోవడం ఒక స్థితి. వినికిడి సక్రమంగా ఉండి, అంగుడి చీలిక వల్లనో మెదడుకు తగిలిన దెబ్బ వల్లనో స్వరపేటిక జబ్బు వల్లనో మాట చెదరడం పూర్తిగా మరో స్థితి. ఆ గీత రెంటినీ కలిపి ఒకే మూటగా కట్టింది. మూటలో చెవి పైకి తేలింది, మాట అడుగున పడింది.

స్వతంత్ర భారతం కొన్ని దశాబ్దాలు ఈ లెక్కే మానేసింది. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించడంతో ఆ ఏటి జనగణనలో మళ్లీ మూడు గడులు వెలిశాయి: పూర్తిగా అంధులు, పూర్తిగా మూగవారు, పూర్తిగా అవయవలోపం ఉన్నవారు. పూర్తిగా మూగవారి సంఖ్య సుమారు 2.77 లక్షలని తేలింది. 1991లో ప్రశ్నే లేదు. 2001లో చూపు, మాట, వినికిడి, కదలిక, మనసు అని అయిదు వర్గాలు పెట్టి అడిగితే మాట వర్గంలో 16.4 లక్షల మంది కనిపించారు. 2011లో వారు దాదాపు 20 లక్షలు. ఇరవై ఏళ్లలో మూగవారు పెరిగిపోయారని దీని అర్థం కాదు. ‘పూర్తిగా’ అనే మాట తీసివేయడంతో మనుషులు కనిపించారు, అంతే. జనగణన శాఖకు 1981లోనే మాట ఒక ప్రత్యేక వర్గంగా తెలుసు. చట్టాలు రాసే శాఖలకు మాత్రం తెలియలేదు, లేదా తెలుసుకోవలసిన అవసరం కలగలేదు.

ఎందుకు కలగలేదన్నది రాజకీయ ప్రశ్న. 1977లో కేంద్రం సి, డి గ్రూపు ఉద్యోగాల్లో వికలాంగులకు మూడు శాతం కేటాయించినప్పుడు అంధులకు ఒకటి, బధిరులకు ఒకటి, అవయవలోపం ఉన్నవారికి ఒకటి చొప్పున పంచింది. ఆ మూడు వర్గాలే తరువాతి విధానానికంతటికీ అచ్చు అయ్యాయి. బధిరులకు 1955 నుంచే ఢిల్లీలో అఖిల భారత సమాఖ్య ఉంది. అంధులకు 1970 నుంచి జాతీయ సమాఖ్య ఉంది. ఆ సమాఖ్య కోర్టులకు వెళ్లింది, వీధుల్లోకి వచ్చింది, ఉద్యోగ రిజర్వేషన్ల లెక్క ఎలా కట్టాలో 2013లో సుప్రీంకోర్టు చేత చెప్పించుకుంది. మాట తడబడేవారికి అంతటి బలగం ఏర్పడలేదు. నినాదమే ఆయుధమైన ప్రజాస్వామ్యంలో నినాదం పలకలేనివారు సంఘటితం కావడం ఎంత కష్టమో జంతర్ మంతర్ వద్ద ఒక్క పూట నిలబడితే అర్థమవుతుంది. కర్రల సాయంతో నడిచిన సూదిని జైపాల్ రెడ్డి కేంద్ర మంత్రి అయ్యారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్‌గా పురస్కారం పొందారు. ఆయనను దేశం గుర్తుంచుకున్నది ఆ ఇంగ్లిషు వాగ్ధాటి కోసమే. కాలి లోపాన్ని నాలుక పూడ్చగలదని మన చట్టసభలు నిరూపించాయి. నాలుక లోపాన్ని ఏది పూడ్చగలదన్న ప్రశ్న ఆ సభల్లో ఎన్నడూ బలంగా లేవలేదు.

ఇంట్లోనూ ఈ లోపానికి సంబంధించిన భాష దయగలది కాదు. పెదవో అంగుడో చీలి పుట్టిన బిడ్డది తెలుగులో ‘గ్రహణమొర్రి’. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం వేళ బయటికి వచ్చిందనో, కత్తి పట్టిందనో నింద ఆ పేరులోనే ఇమిడి ఉంది. పసిబిడ్డ నాలుకకు వస అరగదీసి రాసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని మురిపెంగా పిలుస్తారు. మాట ఆలస్యమైతే మాత్రం వస సరిగా పోయలేదని మళ్లీ తల్లినే అంటారు. నత్తి ఉన్న పాత్ర తెలుగు సినిమాలో ఎందుకు వస్తుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఇటువంటి సమాజంలో పదో తరగతి దాటి, ఇంటర్ దాటి, కౌన్సెలింగ్ బల్ల ముందు నిలబడిన విద్యార్థి అప్పటికే సగం యుద్ధం చేసి వచ్చినట్టు.

శాస్త్రం లేదని సాకు చెప్పడానికీ వీలు లేదు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. ఆ పేరులో వాక్కు ముందు, శ్రవణం తరువాత. ముంబయిలో అలీ యావర్ జంగ్ పేరిట జాతీయ సంస్థ 1983లో వచ్చింది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో వెలిసింది. అలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ. ఆ సంస్థ మొదటి పేరులో ఉన్నది వినికిడి ఒక్కటే. ‘వాక్కు’ తరువాత ఎప్పుడో వచ్చి చేరింది. అమెరికా 1975లో చేసిన వికలాంగ బాలల విద్యా చట్టంలో మాట లోపం ఒక స్వతంత్ర వర్గం. అంటే చికిత్సకులు, పరీక్షా పద్ధతులు, విదేశీ నమూనా, ఇంట్లోని జనగణన అన్నీ సిద్ధంగా ఉండగానే 1995 చట్టం తయారైంది.

ఆ చట్టం పి.వి. నరసింహారావు ప్రభుత్వపు చివరి కాలంలో, 1995 శీతాకాల సమావేశాల్లో ఆమోదం పొందింది. సీతారాం కేసరి అప్పుడు సంక్షేమ మంత్రి. జావెద్ ఆబిదీ వంటివారు ఢిల్లీ వీధుల్లోకి దిగి ఒత్తిడి తెస్తే తప్ప అది ఆ సమావేశాల్లో గట్టెక్కేది కాదు. వికలాంగుల హక్కులకు దేశంలో అదే తొలి సమగ్ర చట్టం, దాని ఘనతను తక్కువ చేయడానికి లేదు. కానీ అందులోని వైకల్యాలు ఏడే: అంధత్వం, మందదృష్టి, కుష్ఠు నుంచి కోలుకున్న స్థితి, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత. వినికిడి లోపానికి కొలత మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్ లేదా అంతకు మించిన నష్టం. చెవి బాగున్నవాడి మాట ఎంత చెదిరినా ఆ కొలతకు అందదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలను చేర్చుకుంది. మాట అప్పుడూ బయటే ఉండిపోయింది.

1995 చట్టంలోని 39వ సెక్షన్ విద్యాసంస్థల్లో మూడు శాతం సీట్లు కేటాయించాలని చెప్పింది. దానిని ఉద్యోగాల అధ్యాయంలో ఇరికించడం వల్ల అది సీట్లకు వర్తిస్తుందా, కొలువులకా అన్న వివాదం పుట్టింది. కేరళ బధిర బాలల తల్లిదండ్రుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2002లో అది విద్యాప్రవేశాలకేనని తేలింది. చట్టం వచ్చిన ఆరేళ్లకు దాని అర్థం వచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వికలాంగుల కోటా అంటే చూపు, వినికిడి, అవయవలోపం అనే మూడు గడులే. సదరం శిబిరాల్లో ధ్రువపత్రాలు ఇచ్చినదీ 1995 చట్టం గీసిన వర్గాల ప్రకారమే. మాట ఒక్కటే లోపంగా ఉన్న బిడ్డ తండ్రి ఆ శిబిరం ముందు వరుసలో నిలబడితే వినికిడి పరీక్ష చేసేవారు. చెవి బాగుందని తేలితే పత్రం లేదు. వైద్య విద్యలో పరిస్థితి ఇంకా ఇరుకు: 2016 చట్టానికి ముందు భారత వైద్య మండలి నిబంధనలు కింది అవయవాల చలన వైకల్యం ఉన్నవారికే కోటా ఇచ్చేవి.

2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2007 అక్టోబరులో భారత్ దానిని ధ్రువీకరించింది. అక్కడి నుంచి కొత్త చట్టం రావడానికి తొమ్మిదేళ్లు. సుధా కౌల్ కమిటీ ముసాయిదా, 2014 ఫిబ్రవరిలో యూపీఏ చివరి రోజుల్లో రాజ్యసభలో బిల్లు, ప్రభుత్వం మారడం, స్థాయీ సంఘం పరిశీలన – ఇదంతా ఢిల్లీకి మామూలే. చివరికి నోట్ల రద్దు రభసలో దాదాపు పూర్తిగా కొట్టుకుపోయిన 2016 శీతాకాల సమావేశాల్లో, డిసెంబరు 14న రాజ్యసభ, 16న, అంటే ఆఖరి రోజున, లోక్‌సభ దానిని ఆమోదించాయి. ఏ అంశం మీదా ఒకరి మాట ఒకరు వినని సభలు ఒక్క పూట సర్దుకుని కూర్చున్నాయి. అంతకు ఏడాది ముందే ప్రధాని రేడియోలో ‘దివ్యాంగ్’ అనే పేరు ప్రతిపాదించి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘విభిన్న ప్రతిభావంతులు’ అన్నారు. పేర్లకు మన ప్రభుత్వాలు ఎన్నడూ పిసినారితనం చూపలేదు.

కొత్త చట్టంలో 21 వైకల్యాలు ఉన్నాయి. వాటిలో ‘వాక్కు, భాషా వైకల్యం’ మొదటిసారి సొంత పేరుతో చోటు చేసుకుంది. స్వరపేటిక తొలగింపు, అఫేజియా వంటి స్థితుల వల్ల, శారీరక లేదా నాడీసంబంధ కారణాలతో మాటలోనో భాషలోనో ఏర్పడే శాశ్వత వైకల్యం అని నిర్వచనం. అఫేజియా అంటే మెదడు దెబ్బతినడం వల్ల తెలిసిన మాట అందకపోవడం, విన్న మాట అర్థం కాకపోవడం. ఈ నిర్వచనం చాలామందికి తలుపు తెరిచింది. అయితే శాశ్వతం, శారీరక కారణం అనే షరతుల వల్ల చిన్ననాటి నుంచి నత్తితో పెనుగులాడేవారు వాకిట్లోనే ఆగిపోయే వీలు కూడా అందులోనే ఉంది. 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి కేటాయించాలి. వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఇవ్వాలి. పార్లమెంటు మాట ఇచ్చింది. ఆ మాట నిలబడలేదు.

నిలబడకపోవడానికి కారణం వైద్య మండలి నిబంధనలు. కొత్త చట్టానికి అనుగుణంగా ఏ వైకల్యం ఎంత ఉంటే ఎంబీబీఎస్‌కు అర్హతో మండలి ఒక పట్టిక తయారుచేసి, 2019లో దానిని నిబంధనలకు అనుబంధంగా చేర్చింది. వాక్కు వరుసలో ఉన్న లెక్క ఇది: మాట అర్థంకాకపోవడాన్ని కొలిచే పరీక్షలో మార్కు 3 దాటకూడదు, అంటే వైకల్యం 40 శాతం లోపు ఉండాలి. దాటితే కోర్సుకే అనర్హులు. ఇప్పుడు రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. వైకల్యం 39 శాతమైతే విద్యార్థి కోర్సుకు అర్హుడే, కానీ చట్టం కోరే 40 లేదు కనుక కోటా సీటు లేదు. 41 శాతమైతే చట్టం కోటా సీటు ఇస్తుంది, కానీ నిబంధన కోర్సుకే పనికిరావంటుంది. ఒక చేయి కోటా అంటుంది, మరో చేయి తలుపు వేస్తుంది. ఈ రెంటి మధ్య సూది దూరే సందు కూడా లేదు. దేశమంతటా వేలాది మెడికల్ సీట్లలో 5 శాతం కోటా అమలవుతూనే, ఒక వర్గానికి మాత్రం దాని విలువ సరిగ్గా సున్నా. దీనిని రాసినవారు కావాలని చేశారని అనలేం. వైద్యుడు రోగితో మాట్లాడాలి కదా అన్న సాధారణ తర్కం అందులో ఉండి ఉంటుంది. అటువంటి సాధారణ తర్కానికే అసాధారణమైన అన్యాయం చేసే శక్తి ఉంటుంది.

ఆ కొలత స్వభావం కూడా గమనించదగినది. చూపును అక్షరాల పట్టికతో కొలుస్తారు, వినికిడిని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మాట స్పష్టతను కొలిచేది ప్రధానంగా విన్నవారి చెవి. పలికినదానిలో ఎంత అర్థమైంది, ఎన్నిసార్లు అడగవలసి వచ్చింది అన్నదే ఆధారం. విద్యార్థి యాసకు అలవాటుపడిన చెవి ఒక మార్కు వేస్తే, కొత్త చెవి మరో మార్కు వేయవచ్చు. అటువంటి కొలతలో ఒకటి రెండు శాతాల తేడా మీద జీవితం నిలబెట్టడం ఏ పరిపాలనా సూత్రానికీ నిలవదు.

2024లో ఈ చిక్కుముడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మహారాష్ట్రకు చెందిన ఒక నీట్ అభ్యర్థి అంగుడి చీలికకు శస్త్రచికిత్స చేయించుకున్నవాడు. గాలి ముక్కులోకి పోవడం వల్ల కొన్ని ధ్వనులు తేడాగా పలుకుతాయి. మెడికల్ బోర్డు అతని వైకల్యాన్ని 40 దాటిందని తేల్చి, చదువుకు అనర్హుడని రాసింది. బొంబాయి హైకోర్టులో వెంటనే ఊరట దొరకలేదు, కౌన్సెలింగ్ గడువు తరుముకొస్తోంది. సుప్రీంకోర్టు పుణెలోని బి.జె. వైద్య కళాశాలలో నిపుణుల బోర్డు వేయించి ఒకే ఒక్క ప్రశ్న అడిగించింది: ఈ లోపం అతని చదువుకు అడ్డం వస్తుందా? రాదని బోర్డు చెప్పింది. సెప్టెంబరు 18న సీటు ఇవ్వమని ఆదేశం వచ్చింది. కారణాలతో కూడిన తీర్పు అక్టోబరు 15న జస్టిస్ బి.ఆర్. గవాయి, జస్టిస్ అరవింద్ కుమార్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం నుంచి వెలువడింది. శాతం ఎంత ఉన్నా అంకె ఒక్కటే అనర్హత కాజాలదు, వ్యక్తి ఆ కోర్సు చదవగలడా లేదా అన్నది బోర్డు పరీక్షించాలి, చదవలేడంటే కారణాలు రాయాలి – ఇదీ దాని సారం. అన్ని స్థాయిల వైకల్యాన్నీ ఒకే గాటన కట్టడం సమానత్వ హక్కుకు విరుద్ధమని కూడా కోర్టు చెప్పింది.

ఈ తీర్పు విలువ తెలియాలంటే అయిదేళ్లు వెనక్కి చూడాలి. 2019 అక్టోబరులో చలన వైకల్యం ఉన్న ఒక విద్యార్థిని కేసులో ఇదే సుప్రీంకోర్టు, నిపుణుల అభిప్రాయాన్ని దాటి వెళ్లడానికి నిరాకరించింది. నిపుణులు శాతం చెప్పారు, కోర్టు తల వంచింది. 2024 నాటికి కోర్టు నిపుణులను తిరస్కరించలేదు, వారిని అడిగే ప్రశ్నను మార్చింది. మధ్యలో 2021 ఫిబ్రవరిలో వచ్చిన మరో తీర్పు అందుకు నేల సిద్ధం చేసింది. చేతిరాత రాయలేని సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో లేఖకుడిని నిరాకరించడం తప్పని అది చెప్పింది. సహేతుకమైన సర్దుబాటు పొందే హక్కు వైకల్యం ఉన్నవారందరిదీ, 40 శాతం గడప కోటాకే తప్ప సర్దుబాటుకు కాదు. మన కౌన్సెలింగ్ కేంద్రాలు ఇంకా పూర్తిగా వంటబట్టించుకోని వాక్యం ఇది.

2024 తీర్పు చివరలో వైకల్యాన్ని అధిగమించిన కొందరి పేర్లున్నాయి. నర్తకి సుధా చంద్రన్‌తో పాటు ఒక తెలుగువాడి పేరూ ఉంది: శ్రీకాంత్ బొల్లా. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టుకతో అంధుడైన ఆయన పదో తరగతి తరువాత సైన్సు చదువుతానంటే నిబంధన లేదన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచి చదివారు. ఐఐటీ శిక్షణ సంస్థలు చేర్చుకోకపోతే అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. తిరిగి వచ్చి హైదరాబాద్‌లో పరిశ్రమ పెట్టారు. ఇటువంటి జాబితాలను చదివేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. సీటు అడిగేవాడు అసాధారణుడని నిరూపించుకోనక్కరలేదు. సగటు విద్యార్థికి సగటు సీటు దొరకడమే చట్టం ఉద్దేశం. అయినా సైన్సు తలుపు కోసం కోర్టుకెక్కిన ఒక తెలుగు కుర్రవాడి పేరు, మాట కోసం కోర్టుకెక్కిన మరో కుర్రవాడి తీర్పులో కనిపించడం యాదృచ్ఛికం కాదు. ఇద్దరినీ ఆపినది ఒకే అలవాటు: లోపాన్ని చూసి చదువును నిర్ణయించడం.

అక్టోబరు 25న మరో ధర్మాసనం, కండరాల క్షీణత ఉన్న విద్యార్థి కేసులో, బోర్డులు శాతాలు కొలవడం కాదు, పని సామర్థ్యం చూడాలని ఇంకా స్పష్టంగా చెప్పింది. 2025 ఫిబ్రవరిలో రెండు చేతులూ చెక్కుచెదరకుండా ఉండాలన్న నిబంధననూ కోర్టు తప్పుపట్టింది. దరిమిలా జాతీయ వైద్య కమిషన్ ఆ ఏటి ప్రవేశాలకు తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. వాటితో తాను ఏ పనులు చేయగలడో విద్యార్థి స్వయంగా ప్రమాణపత్రం రాసి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇది ముందడుగే. కానీ ప్రతి ఏడూ సెప్టెంబరులో ఎవరో ఒక విద్యార్థి ఢిల్లీ రైలెక్కి సుప్రీంకోర్టులో నిలబడితే తప్ప కదలని వ్యవస్థను విధానం అనలేం. ఆ రైలు టికెట్టు కొనలేనివారి సంగతి ఏ తీర్పులోనూ ఉండదు.

అయినా మెడికల్ సీటు ఈ కథలో ఒక గది మాత్రమే. మాట తడబడే విద్యార్థికి ప్రవేశ పరీక్ష రాయడం పెద్ద సమస్య కాదు. లేఖకుడు, అదనపు సమయం వంటి మన సౌకర్యాలన్నీ రాత చుట్టూ అల్లినవి, అతనికి వాటితో పెద్దగా పనిలేదు. అతని పరీక్ష రాత ముగిసిన తరువాత మొదలవుతుంది: ఇంటర్వ్యూ, వైవా, బృంద చర్చ. 2016లో యూజీసీ తెచ్చిన నిబంధనల వల్ల ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాల్లో రాత పరీక్ష అర్హతకే పరిమితమై, ఎంపిక మొత్తం వైవా మీద పడింది. జేఎన్‌యూలో అంతకు ముందున్న 30 మార్కుల వైవాలోనే వివక్షకు తావుందని నఫే కమిటీ తగ్గించమని సూచించి ఉండగా, నిబంధన దానిని నూటికి నూరు చేసింది. విద్యార్థులు రోడ్డెక్కారు, కోర్టుకెక్కారు. 2018లో యూజీసీ 70–30కి దిగివచ్చింది, అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు నూరు శాతం వైవాను తప్పుపట్టింది. ఆ రెండేళ్ల చర్చ ప్రధానంగా కులం చుట్టూ, ప్రాంతం చుట్టూ తిరిగింది, తిరగవలసిందే. అయితే ఇరవై నిమిషాల్లో గొంతు పెగిలించుకుని నూటికి నూరు సంపాదించాలన్న నియమం ఒక అఫేజియా విద్యార్థికి ఏమవుతుందన్న మాట ఆ హోరులో వినబడలేదు. ముప్పై మార్కులకు దిగిన తరువాత కూడా ఆ ప్రశ్న అక్కడే ఉంది.

దీనికి జవాబు ఎక్కడో వెతకనక్కరలేదు, 2016 చట్టంలోనే ఉంది. మాట, భాషా లోపాలున్నవారు సొంత మాటకు తోడుగా ప్రత్యామ్నాయ సంభాషణ పద్ధతులు వాడుకునేలా విద్యావ్యవస్థ ప్రోత్సహించాలని 17వ సెక్షన్ చెబుతోంది. టైపు చేస్తే పలికే యంత్రం, బొమ్మల పలక, సైగల భాష, రాతపూర్వక జవాబు ఇవన్నీ దాని కిందికి వస్తాయి. పరీక్షా విధానాన్ని అవసరానికి తగ్గట్టు మార్చాలని, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. వైవాలో ప్రశ్నకు టైపు చేసి జవాబివ్వడానికి ఒక విద్యార్థిని అనుమతించడానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త నిధులు అక్కరలేదు. ఎంపిక కమిటీ అరగంట ఎక్కువ కూర్చోవాలి. ప్రవేశ ప్రకటనలో ఒక వాక్యం ఉండాలి. లేఖకుడి గురించి పేజీలకు పేజీలు నియమాలు రాసిన ప్రభుత్వం, మాట లేని ఇంటర్వ్యూ గురించి అంత శ్రద్ధ చూపలేదు.

ఇక చట్టంలోని అన్నిటికంటే వింతైన లోపం 32వ, 34వ సెక్షన్ల మధ్య ఉంది. సీట్ల కోటా ఇచ్చే 32వ సెక్షన్ 40 శాతం దాటిన అన్ని వైకల్యాలకూ వర్తిస్తుంది. కొలువుల కోటా ఇచ్చే 34వ సెక్షన్ మాత్రం 4 శాతాన్ని పేరుపేరునా పంచుతుంది. అంధత్వం, మందదృష్టికి ఒకటి. చెవుడు, వినికిడి లోపానికి ఒకటి. సెరిబ్రల్ పాల్సీ, ఆమ్లదాడి బాధితులతో కలిపి చలన వైకల్యానికి ఒకటి. ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన లోపం, మానసిక రుగ్మతలకూ, వీటిలో ఒకటికి మించి ఉన్నవారికీ కలిపి ఒకటి. వాక్కు, భాషా వైకల్యం పేరు ఆ వరుసలో లేదు. 1977 నాటి మూడు గడులు నలభై ఏళ్ల తరువాత కొత్త చట్టంలో కొంచెం వెడల్పయ్యాయి, మాట మళ్లీ బయటే నిలబడింది. వికలాంగులకు అనువైన ఉద్యోగాలను గుర్తిస్తూ కేంద్రం 2021 జనవరిలో విడుదల చేసిన జాబితాలో ప్రతి కొలువు ఎదుటా దానికి కావలసిన శారీరక సామర్థ్యాలకు ఇంగ్లిషు అక్షరాలు గుర్తులుగా ఉంటాయి. కూర్చోవడానికి ‘ఎస్’, చూడడానికి ‘ఎస్ఈ’, వినడానికి ‘హెచ్’. సంభాషణకూ ఒక అక్షరం ఉంది, ‘సి’. మాటను సర్కారు అక్కడ మరచిపోలేదు, అర్హతగా గుర్తుపెట్టుకుంది.

2024లో ఎంబీబీఎస్‌లో చేరిన విద్యార్థి నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించుకుని బయటికి వచ్చేసరికి 2030 అవుతుంది. సర్కారు ఆస్పత్రిలో వైద్యుల నియామకానికి అప్పుడు ఒక ప్రకటన వస్తుంది. 34వ సెక్షన్ ఇప్పుడున్నట్టే ఉంటే, సీటు ఇచ్చిన వైకల్యానికే ఆ దరఖాస్తు ఫారంలో గడి ఉండదు.